మరల మరల వచ్చు పిలుపు

చరిత్ర యనగా రాజుల కథ యని మనకు చిన్ననాట నేర్పిరి. కామారెడ్డి ప్రాంతపు చరిత్రను వ్రాయబూనినవాడు సాధారణముగా దోమకొండ కోటతో మొదలుపెట్టును. మంజీరానదికి అడ్డముగా 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరమును వర్ణించును. 2016 అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి నిజామాబాదునుండి విడివడి వేరుజిల్లా యైన సంగతియు, ఎల్లారెడ్డి దానిలో నొక రెవిన్యూ విభాగమైన సంగతియు చెప్పి ముగించును. ఇవన్నియు చెప్పదగినవే. కాని యీ గ్రామములలో శతాబ్దములుగా నడచుచు, ఏ శాసనమునను చెక్కబడక, ఏ కైఫీయతునందును చేరక పోయిన చరిత్ర మరియొకటి కలదు. అది రాత్రివేళ మూసిన తలుపుల వెనుకనుండి వినవచ్చు నాడుదాని కేకయొక్క చరిత్ర. ఆ కేక నెవరు వినిరి? విన్నవా రేమిచేసిరి? మరునాడు మరల కేక వినవచ్చినప్పుడు, మొదట విన్నవారికి మొదటిది జ్ఞాపకముండెనా? ఈ మూడు ప్రశ్నలకును ఒక్కొక్క కాలమువా రొక్కొక్క రీతి నుత్తరము చెప్పిరి. ఆ యుత్తరములను వరుసగా పరిశీలించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా శాస్త్రములను చూతము. స్త్రీలు పూజింపబడుచోట దేవతలు సంతోషింతురని మనుస్మృతి మూడవ యధ్యాయమున నున్నదని మనము సభలలో గర్వముతో చెప్పుకొందుము. ఆ గ్రంథమునందే యెనిమిదవ యధ్యాయమున, తప్పుచేసిన భార్యను, కొడుకును, దాసుని, త్రాటితోనో వెదురుబద్దతోనో కొట్టవచ్చునని యున్నమాట మాత్రము చెప్పుకొనము. వీపుపైననే కొట్టవలె, తలపై కొట్టరాదని దాని ప్రక్కనే నియమముకూడ గలదు. కౌటిల్యుని యర్థశాస్త్రము మూడవ యధికరణమున నింకొక మెట్టు ముందుకు పోయి దెబ్బలను లెక్కపెట్టెను: మూడు దెబ్బలవరకు మగని యధికారము, అంతకు మించినచో జరిమానా. కొట్టుట నంగీకరించిన శాస్త్రమే కొట్టుటకు హద్దు నేర్పరచినదన్నమాట. కౌటిల్యుని మెచ్చుకొనుటకు నేనీ సంగతి చెప్పుటలేదు. రెండువేల సంవత్సరములక్రిందటనే రాజ్యము ఇంటిలోనికి తొంగిచూడగలిగెననియు, లెక్క యనునది యుండెననియు చూపుటకే చెప్పుచున్నాను. అయితే ఆ లెక్క ఒక్కరాత్రి దెబ్బలదే. నిన్న మూడు, నేడు మూడు, రేపు మూడు కొట్టినవానిమాట యేమని శాస్త్రకారు డడుగలేదు. ప్రతిరాత్రియు కొత్తగా లెక్క మొదలగును. ఈ లోపమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. ఇది నేటికిని మనలను విడువలేదు.

ఇది మనకే చెందిన కళంకమని యనుకొనరాదు. మగడు తన బొటనవ్రేలికంటె లావుకాని కఱ్ఱతో భార్యను కొట్టవచ్చునని బుల్లరను న్యాయమూర్తి యనెనను వదంతిపై 1782లో ఇంగ్లండునందు పరిహాసచిత్రములు వెలువడెను. ఆ మాట యతడు నిజముగా ననెనో లేదో తేలలేదు. కాని జనులు నమ్మిరన్నచో ఆనాటి యాచార మెట్టిదో తెలియుచున్నది. 1878లో ఫ్రాన్సెస్ పవర్ కాబ్ అను విదుషీమణి భార్యాహింసనుగూర్చి వ్యాసము వ్రాసి యాందోళన చేయగా, అదే సంవత్సరమున కొట్టు మగనినుండి విడిగా నుండుటకు భార్యకు వీలుకలిగించు చట్టము వచ్చెను. ఒక వ్యాసమువలన చట్టము పుట్టిన సందర్భములు చరిత్రలో నరుదు. వ్యాసములు వ్రాయువారికిని చదువువారికిని అది కొంత ధైర్యమిచ్చు సంగతి.

ఇక మన గ్రామములకు వత్తము. నిజాము రాజ్యమున గ్రామమునకు మాలీపటేలు, పోలీసుపటేలు, పట్వారీ యుండెడివారు. శాంతిభద్రతలు పోలీసుపటేలువి. దొంగతనమైనను, గట్టు తగాదాయైనను ఆయన చావడికి పోవును. ఆలుమగల తగవు మాత్రము కులపెద్దల ముందరికి పోవును. తండాలలోనైన నాయకుని ముందరికి. అక్కడ మగనిని మందలించి, తప్పుకట్టించి, భార్యను మరల ఆ యింటికే పంపుదురు. భరింపలేనిది తల్లిగారింటికి పోవును. కొన్నాళ్ళకు తండ్రియో యన్నయో తోడువచ్చి దిగబెట్టిపోవును. "ఇంటిగుట్టు లంకకు చేటు" అని ఒకరు, "కడుపు చించుకొన్న కాళ్ళమీద పడును" అని మరియొకరు బుద్ధిచెప్పుదురు. సామెత లనుభవమునుండి పుట్టినవే. కాని యెవరి యనుభవమునుండి? రావణుని లంక చెడినది గుట్టు బయటపడుటవలన కాదు, చేసిన తప్పువలననని ఆ సామెత చెప్పువారు మరతురు.

ఆ పంచాయితీలో నన్యాయ మెంత యున్నను, ఒక్క గుణము మాత్రముండెనని యొప్పుకొనవలెను. వినువారు మారరు. మూడవసారి వచ్చిన యాడుదానిని చూచి, ఇది మూడవసారి యని అరుగుమీద కూర్చున్న ముసలివాని కెవరును చెప్పనక్కరలేదు. జ్ఞాపకముండెను, న్యాయము లేకుండెను. నేడు న్యాయము పుస్తకమున నున్నది, జ్ఞాపకము లేదు. నా వాదమంతయు నీ రెండు వాక్యములలో నిమిడియున్నది.

సంస్కర్తలు వచ్చిరి. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిరి. స్త్రీలకొరకు పత్రికను నడపిరి. అప్పారావుగారు కన్యాశుల్కమను దురాచారమును రంగస్థలమున నిలబెట్టి పదిమందిచే నవ్వించిరి. మన తెలంగాణమున 1930లో ఆంధ్రమహాసభ జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను సమావేశమైనప్పుడు, దానితోపాటు ఆంధ్రమహిళాసభయు నడచెను. నడింపల్లి సుందరమ్మగారు దాని కధ్యక్షురాలు. జోగిపేట ఎల్లారెడ్డికి దూరము కాదు. 1937లో మహాసభ నిజామాబాదునకే వచ్చెను. బాల్యవివాహము, వితంతువుల దుస్థితి, స్త్రీవిద్య వీనినిగూర్చి యా తరమువారు చేసినకృషికి మనము ఋణపడియున్నాము. అయినను వారి దృష్టి యెక్కువగా పెండ్లికి ముందున్న బాలికపైనను, మగడు పోయిన స్త్రీపైనను నిలిచినది. నడుమనున్న కాపురము, మగడు బ్రతికియున్న కాపురము, పవిత్రమని యెంచి దాని గడప యొద్దనే చాలమంది యాగిపోయిరి.

ఆ 1937వ సంవత్సరముననే, జూను 30వ తేదీన, లండను నగరమున లోకమునకు కొత్తదైన యొక యేర్పాటు జరిగెను. 1935లో నొక యింట నగ్నిప్రమాదము కలిగి అయిదుగురు స్త్రీలు మరణించిరి. టెలిఫోను చేసిన పొరుగువాడు వరుసలో నిలిచి ఉత్తరమునకై వేచియుండవలసివచ్చినదని విచారణలో తేలెను. ఆపదలోనివారి పిలుపు మిగిలిన పిలుపులకంటె ముందుగా నందవలెనని 999 అను సంఖ్యను స్థాపించిరి. అమెరికాలో 1968లో 911 వచ్చెను. మనకు 100 చిరకాల పరిచితము. హైదరాబాదునుండి 2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 పల్లెలకు వైద్యవాహనమును తెచ్చెను. దేశమంతటికి నొకే సంఖ్య కావలెనని యేర్పరచిన 112, 2018 చివర హిమాచలప్రదేశమున మొదలై, 2019లో తెలంగాణమునకు వచ్చెను. స్త్రీలకు ప్రత్యేకముగా 181 కలదు. నేడు ఎల్లారెడ్డి ప్రాంతపు తండాలోనున్న యాడుది, తలుపు మూసికొని, చీకటిలో మూడంకెలు నొక్కగలదు. కులపెద్ద యనుమతి యక్కరలేదు. తండ్రి దయ యక్కరలేదు. ఇది చిన్న విప్లవము కాదు. వేయేండ్లలో మొదటిసారిగా నింటిలోని కేక పంచాయితీ యరుగును దాటి తిన్నగా రాజ్యముయొక్క చెవిని బడినది.

చట్టమును కొంత కొంతగా కదలినది. 1983లో శిక్షాస్మృతియందు 498ఏ అను ప్రకరణము చేరినది. భర్తగాని యతని బంధువులుగాని చేయు క్రౌర్యము నేరమైనది. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో నది 85, 86 ప్రకరణములుగా నున్నది. శిక్ష యొక్కటియే చాలదని గ్రహించి చేసిన గృహహింసనుండి స్త్రీల రక్షణచట్టము 2005లో పుట్టి, 2006 అక్టోబరు 26నుండి అమలైనది. మగనిని చెఱసాలకు పంపకయే తనకు రక్షణ కోరవచ్చునని, ఆ యింటనే కాపురముండు హక్కు తనకు కలదని ఆ చట్టము స్త్రీకి చెప్పినది. దరఖాస్తు అందిన మూడుదినములలోపల మొదటి విచారణ సాధారణముగా జరుగవలెననియు, అరువదిదినములలో తేల్చుటకు యత్నింపవలెననియు నందున్నది. రక్షణోత్తరువును మీరినవానికి ఒక సంవత్సరమువరకు కారాగారము, ఇరువదివేల రూపాయలవరకు జరిమానా. సఖీకేంద్రములను ఏర్పరచు పథకము 2015లో వచ్చినది.

ఈ చట్టములు పైనుండి రాలిపడినవి కావు. డెబ్బదులనుండి హైదరాబాదున స్త్రీశక్తి సంఘటన మొదలైన సంఘములు వీధికెక్కి యడిగినవి. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో, అక్షరములు నేర్చుకొనుటకు కూడిన కూలిస్త్రీలు, తమ వీపులపై పడు దెబ్బలకును సారాదుకాణమునకును గల సంబంధమును తామే గుర్తించి, దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపింపగా 1993 అక్టోబరు 1న సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలిపోయెను. ప్రభుత్వము సడలించినది గాని, దూబగుంటస్త్రీలు చూపిన సంగతి సడలలేదు: ఒక్కొక్క యింటి దుఃఖమని యనుకొన్నది నిజమునకు ఊరి దుఃఖము, ఒకే దినమున, ఒకే కారణమున, మరల మరల వచ్చునది.

ఇట్టి యేర్పాటు లన్నియు నుండగా, ఒకే యింటినుండి పిలుపు మరల మరల వచ్చుచున్నదేల? ఈ ప్రశ్నను కొందరు విసుగుతో నడుగుదురు. "మొన్ననే పోయి సర్దిచెప్పి వచ్చితిమి. కేసు పెట్టుమన్న పెట్టదు. మరల పిలుచును" అని రక్షకభటు లనుట వినియున్నాను. వారి కష్టమును నేను తేలికచేయను. కొలదిమంది భటులు, అనేక గ్రామములు, రాత్రి ప్రయాణము. పోయిచూచునప్పటికి మగడు నిద్రనటించుచుండును; భార్య తలవంచుకొని మాటాడదు. కాని కొంచెము నిలిచి యామె పక్షమున నాలోచింతము. ఆమె పిలిచినది మగనికి శిక్ష వేయించుటకు కాదు; ఈ రాత్రి యీ చేయి ఆగవలెనని. వాహనము వచ్చినది, చేయి ఆగినది. పిలిచిన ప్రయోజనము నెరవేరినది. తెల్లవారినపిమ్మట ఆ యిల్లు, ఆ పొయ్యి, ఆ పిల్లలు, అతని కూలిడబ్బులు మరల నామెముందర నుండును. బీడీలు చుట్టి తెచ్చుకొను సొమ్ముతో వేరింటి యద్దె రాదు. మగడు గల్ఫుదేశమునుండి సెలవుపై వచ్చినవాడైనచో, కేసు పెట్టిన ప్రయాణ మాగునని, అప్పు తీరదని అత్తమామలు బెదిరింతురు. ఆమె మరల పిలుచుట చపలత్వము కాదు. ఒక్క రాత్రికి సరిపోవు సహాయమే దొరకుచున్నది కనుక ప్రతిరాత్రికి నొక పిలుపు కావలసివచ్చుచున్నది.

పిలువనివారి సంఖ్య తలచుకొన్న పిలిచినవారి విలువ తెలియును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము తెలంగాణమున వివాహితలలో నూటికి సుమారు 37మంది భర్తవలన హింస ననుభవించినవారు. దేశమునకు సగటు 29. అదే పరిశీలనలో ఏదో యొక కారణమున భర్త భార్యను కొట్టుట తగునని చెప్పిన స్త్రీలు మన రాష్ట్రమున నూటికి 83మందికి పైబడిరి. దేశముమీద హింస ననుభవించిన స్త్రీలలో సహాయము కోరినవారు నూటికి 14మంది మాత్రమే. 77మంది యెవరితోను చెప్పనైనను లేదు. కొట్టుట న్యాయమేయని తల్లినుండి నేర్చుకొని, చెప్పుట తప్పని యత్తనుండి నేర్చుకొని, ఆ రెండు పాఠములను దాటి మూడంకెలు నొక్కిన స్త్రీని మనము "మరల పిలిచినావా?" అని గద్దించుచున్నాము.

"నాన్నా పులి" కథ మన బడులలో నెల్లరు చెప్పుదురు. నేనును చెప్పితిని. పులి రాకుండ రెండుమారులు కేకవేసిన బాలుని, నిజముగా పులివచ్చిన దినమున నెవరును నమ్మలేదు. మరల మరల పిలుచువారినిగూర్చి మన మనస్సులో నాటుకొనియున్న కథ యిదియే. తెలంగాణమున వృథాగా 100నకు పిలిచి విసిగించినవారికి జరిమానాలు, కొలదిదినముల జైలుశిక్షలు పడిన వార్తలు పత్రికలలో నప్పుడప్పుడు వచ్చుచుండును. త్రాగి నవ్వులాటకు పిలుచువానిని శిక్షింపవలసినదే. వాని పిలుపు వెనుక వేరొక పిలుపు వేచియుండును. కాని సంఖ్యను మాత్రమే చూచి, ఎక్కువసార్లు పిలిచినవా రందరు నొకటేయని తలచిన ఘోరము జరుగును. ఈ యింటి కథలో పులి అడవినుండి రాదు. పులి ఇంటిలోనే యున్నది. ప్రతిసారియు నిజముగానే వచ్చినది. భటుడు వచ్చినప్పుడు మంచముక్రింద దాగి, పోగానే లేచినది.

ఈ విషయమున లోకానుభవము మనకు దారిచూపగలదు. అమెరికాలో పోలీసు ఫౌండేషనను సంస్థ 1977లో ప్రకటించిన పరిశీలనలో, కాన్సస్ నగరమున గృహకలహములు హత్యగానో తీవ్రమైన దౌర్జన్యముగానో పరిణమించిన సందర్భములలో, నూటికి సుమారు 85 ఇండ్లకు అంతకుముందు రెండేండ్లలో పోలీసులు కనీస మొకసారి పోయియుండిరి. సుమారు సగమిండ్లకు అయిదుమారులో, అంతకెక్కువగనో పోయియుండిరి. అనగా చావు చెప్పకుండ రాలేదు. అయిదుమారులు తలుపు తట్టి వచ్చినది. 1989లో షెర్మను మున్నగువారు మినియాపొలిసు నగరపు పిలుపులను లెక్కించి, గృహకలహముల పిలుపులన్నియు నగరమున నూటికి 9 స్థలములనుండియే వచ్చినవని చూపిరి. హింస వానవలె ఊరంతట సమముగా కురియదు. కొన్ని యిండ్లపైననే మరల మరల కురియును. ఆ యిండ్లేవో పిలుపులే చెప్పుచున్నవి. కనెక్టికట్ రాష్ట్రమున టోరింగ్టన్ అను పట్టణమునందు నెలలతరబడి మొరపెట్టుకొన్న యొక స్త్రీ 1983లో భర్త కత్తిపోట్లకు గురియైనది. పరాయివాడు కొట్టినపుడు చూపు శ్రద్ధను భర్త కొట్టినపుడు చూపకుండుట సమానరక్షణకు భంగమని 1984లో న్యాయస్థానము నిర్ణయించెను.

అట్లయిన ప్రతివానిని పట్టి బంధించిన సరిపోవునా? 1981–82లో మినియాపొలిసున జరిగిన ప్రయోగము అట్లే సూచించెను. మందలించి విడిచినవారికంటె, ఇంటినుండి వెడలగొట్టినవారికంటె, బంధింపబడినవారు తిరిగి కొట్టుట తక్కువయ్యెను. కాని మఱికొన్ని నగరములలో మరల చేసిచూడగా ఫలితము లొక్కరీతిగా రాలేదు. పనిలేని మగవారి విషయమున బంధించుట కొన్నిచోట్ల కోపమును పెంచెను. మనదేశమున 2014లో సుప్రీముకోర్టు అర్నేష్ కుమార్ వ్యాజ్యమున, 498ఏ క్రింద యాంత్రికముగా బంధింపరాదని, అవసరమును వ్రాతమూలముగా చూపవలెనని చెప్పెను. ఆ తీర్పును కొందరు ఏమియు చేయకుండుటకు సాకుగా గ్రహించిరి. తొందరపడి బంధింపకుండుటకును, చెవులు మూసికొనుటకును భేదము కలదు.

నడిమిదారి యొకటి ఇంగ్లండునందు వెస్టుయార్కుషైరు జిల్లాలోని కిల్లింగ్‌బెక్ పోలీసువారు 1997లో త్రొక్కిరి. ఒక యింటినుండి వచ్చిన పిలుపు మొదటిదా, రెండవదా, మూడవదా యని ముందుగా చూతురు. మొదటిదానికి స్త్రీకి తన హక్కులను తెలుపుట, పురుషునికి హెచ్చరిక. రెండవదానికి మరునాడు వేరుగా పోయి చూచుట, ఆమె యంగీకరించిన పొరుగువారిని తోడుంచుట. మూడవదానికి ఇంకను గట్టియేర్పాటు. మెట్టుమెట్టునకు రక్షణ పెరుగునే గాని విసుగు పెరుగదు. అచట మరల మరల పోవలసిన యవసరము తగ్గినదని పరిశీలకులు వ్రాసిరి. ఇందులో గొప్ప యంత్రమేదియు లేదు. ఉన్నదల్లా ఒక చిట్టా.

ఇప్పుడు నా సంగతి కొంత చెప్పవలెను. నేను కామారెడ్డికిని ఎల్లారెడ్డికిని నడుమనున్న యొక పల్లెబడిలో ఉపాధ్యాయుడను. కొన్నేండ్లక్రిందట నా తరగతిలో నొక బాలిక సోమవారములు బడికి రాకుండెడిది. హాజరుపట్టీలో నామె పేరున సోమవారమున సున్న చుట్టుట నా కలవాటైపోయెను. శ్రద్ధలేనిదని పదిమందిలో నిందించితిని. ఒకనాడు తరగతి ముగిసినపిమ్మట నిలిచి, కండ్లెత్తకుండ చెప్పినది: "శనివారం నాడు మా నాయినకు కూలి పైసలొస్తయి సారూ. ఆ రాత్రి తాగొచ్చి అమ్మను కొడుతడు. తెల్లారి అమ్మ నన్ను తీసుకొని అమ్మమ్మోళ్ళింటికి పోతది. మంగళారం మళ్ళ వస్తం." ఫోను చేయలేదా యని యడిగితిని. "నాలుగుసార్లు నేనే కొట్టిన సారూ. వచ్చిన్రు, మాట్లాడిన్రు, పోయిన్రు. అటెన్క నాయిన ఫోను గుంజుకున్నడు" అన్నది.

ఆ రాత్రి హాజరుపట్టీని ముందుంచుకొని వెనుకటి నెలలను తిరుగవేసితిని. జూను మొదలు సోమవారములక్రింద సున్నలు బారులు తీరియుండెను. సంస్కృతమును ఇంగ్లీషును చదివి, ప్రాచీన శాసనములలోని చెదరిన యక్షరములను కూడబలుకుకొని గర్వించువాడను, నా చేతితో నేను వ్రాసిన శాసనమును చదువలేకపోతిని. ఆ యింటి చరిత్ర నావద్దనున్నది, పిలుపుల పట్టికలోనున్నది, ఆరోగ్యకార్యకర్త చూచిన కమిలిన చేతిమీద నున్నది, అమ్మమ్మగారి గడపయొద్ద నున్నది. నాలుగుచోట్ల నాలుగుముక్కలుగా నుండి ఎవరికిని చరిత్రగా కనబడలేదు. నాలుగు పిలుపులు నాలుగు ఘటనలుగా ముగిసినవి. మొదట చెప్పిన కౌటిల్యుని లెక్కవలె, ప్రతిరాత్రియు లెక్క మరల ఒకటితో మొదలయ్యెను.

కావున నే కోరునది కొత్తచట్టము కాదు. ఉన్న చట్టమునకు జ్ఞాపకశక్తి కావలెను. ఒక యింటినుండి పిలుపు వచ్చిన వెంటనే, అది యెన్నవదో బయలుదేరు భటునికి తెలియవలెను. ఆ యంత్రములు సంఖ్యను, వేళను గుర్తుంచుకొనగలవు. మనుష్యుడు దానిని తెరచి చూడవలెను. రెండవ పిలుపు వచ్చినచో, మరునాడు పగటివేళ, మగడు లేనపు డొక స్త్రీయుద్యోగి పోయి మాటాడవలెను. రాత్రి మగని యెదుట నోరువిప్పనిది పగలు విప్పవచ్చును. ఆమెకు గల హక్కులను, ఉచిత న్యాయసహాయమును తెలుపుట పోలీసుల దయ కాదు. 2005 చట్టము అయిదవ ప్రకరణమున విధించిన కర్తవ్యము. మూడవదానినాటికి సంగతి రక్షణాధికారికిని, ఆమె కోరినచో న్యాయాధికారికిని చేరియుండవలెను. పిలుపులు తక్కువైనవని సంతోషించుటకు ముందు, ఫోను ఎవరిచేతిలో నున్నదో యడుగవలెను. ఆ బాలికయింటినుండి అయిదవ పిలుపు రాలేదు, శాంతివలన కాదు.

పొరుగువారికిని నొకమాట. ఒక యింట హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న యెవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చుననియు, సద్బుద్ధితో తెలిపినవారిపై బాధ్యత యుండదనియు ఆ చట్టమే నాల్గవ ప్రకరణమున నభయమిచ్చినది. అది ఉపాధ్యాయునికిని వర్తించును. నిండుసభలో ద్రౌపది తన ప్రశ్నను మరల మరల నడిగినపుడు, ధర్మము సూక్ష్మమని భీష్ముడంతవాడు తప్పించుకొనెను. వయసున చిన్నవాడైన వికర్ణు డొక్కడు లేచి మాటాడెను. సభ యతని మాట వినలేదు. అయినను నేడు మన మా సభను తలచునపుడు ఊరకున్న పెద్దలకు సిగ్గుపడుదుము, వికర్ణునికి కాదు.

ఆ బాలిక చదువు మానలేదు. ఒక సేవాసంఘపు స్త్రీ తోడుపడగా తల్లి రక్షణకై దరఖాస్తు పెట్టుకొన్నది. పిమ్మట ఆ యింట నంతయు చక్కబడినదని నేను చెప్పను. పట్టీలో సోమవారముల సున్నలు తగ్గినవి, పూర్తిగా పోలేదు. ఇప్పుడు మాత్రము నే నొక పని చేయుచున్నాను. నెలకొకసారి హాజరుపట్టీని అడ్డముగా గాక నిలువుగా చదువుదును. ఒకే దినమున మరల మరల సున్న కనబడినచో, పిల్లను నిందింపక, ప్రక్కకు పిలిచి యడుగుదును. చాలసార్లు అది జ్వరమో, పత్తిచేని పనియో యగును. ఎప్పుడో యొకసారి కాదు.